టేపులో లేని పెద్దమ్మ

మా దవాఖానా ల్యాబుకు మార్చురీ పక్కనుంచే దారి. ఏళ్ల తరబడి టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ దారినే నడుస్తున్నాను. ఒక్కనాడూ భయమనిపించలేదు. ఎవరైనా దయ్యాలు, ఆత్మలు అని మొదలుపెడితే నవ్వేసి నా పనికి పోయే రకం నేను. మైక్రోస్కోపు కింద కనబడిందే రాస్తాను, కనబడనిది రాయను. ఇప్పుడు చెప్పబోయేది కూడా కనబడింది కనబడినట్టే చెబుతున్నాను.

నన్ను పెంచింది మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క. పెళ్లైన కొన్నాళ్లకే పెదనాన్న పోతే, ఊరు వదిలి నాచారంలో మా ఇంటికి వచ్చేసింది. అమ్మా నాన్నా ఇద్దరూ ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయేవాళ్లు. నాకు జడలు వేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, పరీక్షల ముందు నేను చదువుతుంటే ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరింది అన్నీ పెద్దమ్మే. పుస్తకంలో ఏముందో ఆమెకు తెలియదు. నేను తలెత్తినప్పుడల్లా అక్కడ ఉండేది, అంతే.

నా పెళ్లి ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. భర్త లేని ఆడవాళ్లు మండపం దగ్గరకు రాకూడదన్న పట్టింపు అప్పట్లో మా వాళ్లలో గట్టిగా ఉండేది. నేను రమ్మని ఏడ్చి మరీ పట్టుబట్టాను. పెద్దమ్మే ఒప్పుకోలేదు. నగలు, బట్టలు ఉన్న గదికి ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా అని, తలుపు దగ్గరకు వేసుకుని లోపలే కూర్చుంది. అమ్మ ఆమెకు అన్నం కూడా అక్కడికే పట్టుకెళ్లింది.

అందుకే నా పెళ్లి టేపులో పెద్దమ్మ ఒక్కచోట కూడా లేదు. ఎన్నిసార్లు చూశానో ఆ టేపు. వంటవాళ్లున్నారు, బ్యాండువాళ్లున్నారు, ఎవరి తరఫు చుట్టమో తెలియని ఒక పెద్దాయన కుర్చీలో కునుకు తీస్తూ కూడా ఉన్నాడు. పెద్దమ్మ మాత్రం లేదు.

మా అమ్మాయి కీర్తనకు సంబంధం కుదిరాక, నా పెళ్లి చూపించమని వెంటపడింది. బీరువాలోంచి టేపు తీసి పాత వీసీఆర్‌లో పెడితే బొమ్మ మీద గీతలు పడుతున్నాయి. ఇంకొన్నాళ్లు ఆగితే ఉన్నది కూడా పోతుందని భయమేసింది. రామంతాపూర్‌లో ఒక స్టూడియో వాళ్లు డిస్కులోకి ఎక్కించి ఇస్తామన్నారు. ఉన్నది ఒక్కటే టేపు. పరాయి చేతికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. అయితే ఒక డీవీడీ రికార్డరే ఇంటికి తెస్తానన్నాడు మా ఆయన. ఇప్పుడు కొత్తవి ఎక్కడా దొరకడం లేదు. సెకండ్ హ్యాండులోనే వెతకాలి.

మా ఆయన నన్ను చూడటానికి వచ్చినప్పుడు కూడా అన్ని ప్రశ్నలు అడగలేదు. ఏఎస్ రావు నగర్, ఉప్పల్ రెండుచోట్లా షాపులవాళ్లను అడుగుతూ తిరిగాడు. టేపూ డిస్కూ రెండూ పట్టే ఒకే పెట్టె చూశాడు. వైర్ల గోల ఉండదు, కానీ అందులో టేపు భాగమే ముందు పాడవుతుందట. మన వీసీఆర్ ఆడుతున్నప్పుడు అదెందుకని వదిలేశాడు. హార్డ్ డిస్కు ఉన్నది ఇంకొకటి చూశాడు. ఆన్ చేస్తే ఎవరి ఇంట్లోవో పాత సీరియళ్లు, క్రికెట్ మ్యాచులు అందులో అలాగే ఉన్నాయి. అదీ వద్దన్నాడు. చివరికి హార్డ్ డిస్కు లేని, డిస్కు మీద నేరుగా రాసే మామూలు రికార్డరు తెచ్చాడు. సీలు విప్పని కొత్త డిస్కులు కొన్నాడు. ఒకసారి రాస్తే మళ్లీ మార్చడానికి వీల్లేని రకం అవి. ఈ సంగతులన్నీ ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఒక ఆదివారం పొద్దున పనికి కూర్చున్నాం. వీసీఆర్ నుంచి రికార్డరుకు మూడు వైర్లు, పసుపుది బొమ్మకు, ఎరుపు తెలుపు శబ్దానికి. బాగా కనబడాలంటే గంట మోడు, ఎక్కువసేపు పట్టాలంటే ఆరు గంటల మోడు. మొదటిదాంట్లో పెళ్లి పట్టదు, రెండోదాంట్లో మొహాలు మసకబారతాయి. అందుకని రెండు గంటల మోడు పెట్టాడు. ఇందులో తొందరపెట్టడానికి లేదు, టేపు ఎంతసేపు ఆడితే రికార్డింగ్ అంతసేపు. నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ మొదటినుంచి చివరిదాకా టీవీ ముందే ఉన్నాను. తలంబ్రాల దగ్గర బొమ్మ కాస్త వణికి మళ్లీ నిలబడింది. అంతకుమించి ఏమీ జరగలేదు. చివర్లో మా ఆయన ఫైనలైజ్ బటన్ నొక్కాడు. అది చేయకపోతే వేరే ప్లేయర్లలో డిస్కు ఆడదట.

ఆ సాయంత్రం కీర్తన డిస్కు పెట్టుకుని చూస్తోంది. నేను వంటింట్లో ఉన్నాను.

"అమ్మా, పెద్ద అమ్మమ్మ మండపం కాడికి రాలేదంటివి గదా. మరి నీ ఎనుక ఉన్నదెవరు?"

ఇంకెవరినో చూసి పొరబడిందనుకుంటూ వచ్చాను. తలంబ్రాలు పోస్తున్నాం. నా వెనుక పెద్దమ్మ నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. భుజం మీదినుంచి జారుతున్న నా కొంగు సర్ది, చెయ్యి అక్కడే ఉంచింది. నల్లటి జుట్టు, అప్పటి మొహం. కెమెరా పక్కకు తిరిగి మళ్లీ వచ్చేసరికి లేదు.

ఆ ఆకుపచ్చ చీర నా మొదటి జీతంతో, నా పెళ్లికి కట్టుకోమని ఆమెకు నేనే కొన్నది. ఆ రోజు కట్టుకోలేదు. పాత తెల్లచీరే కట్టుకుంది.

వెంటనే టేపు పెట్టి అదే చోటు చూశాం. నా వెనుక బంతిపూలు చుట్టిన స్తంభం తప్ప ఏమీ లేదు. పెళ్లి ఆల్బమ్ తీశాం. ఫొటోలో కూడా స్తంభమే. మళ్లీ డిస్కు పెట్టాం. పెద్దమ్మ ఉంది. చిత్రమేమిటంటే నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది.

మా ఆయన స్నేహితుడొకాయన ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. టేపూ డిస్కూ రెండూ ఆయన దగ్గరకు తీసుకెళ్లి, ఆయన సొంత వీసీఆర్, సొంత ప్లేయర్ మీద ఆడించాం. అక్కడా అంతే. ఈ పెట్టె వైరులో వచ్చింది రాసుకుంటుంది, బొమ్మను చెడగొట్టగలదు గానీ లేని మనిషిని తేలేదు అన్నాడాయన. ఇంకో టేపు కలిసిందేమో చూడమన్నాడు. నా పెళ్లి టేపు ఇంకొకటి లేదు, ఎప్పుడూ లేదు.

పెద్దమ్మ ఇప్పుడు బోడుప్పల్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటోంది. తరువాతి వారం ఆమెను మా ఇంటికి తీసుకొచ్చాం. డిస్కు సంగతి ఎవరూ ముందుగా చెప్పకూడదని నేను గట్టిగా అనుకున్నాను. అన్నం తిన్నాక, నా పెళ్లిలో తలంబ్రాలప్పుడు ఎక్కడున్నావని మామూలుగా అడిగాను.

"యాడుంట బిడ్డా. ఆ అర్రలనే ఉంటి. గడప గూడ దాటలే."

ఒక్కదానివే కూర్చుని ఏం చేశావన్నాను. చెప్పడానికి సిగ్గుపడినట్టు నవ్వింది.

"బాజాలు ఇనబడ్డయి. కండ్లు మూసుకున్న. నువ్వు తెచ్చిన పచ్చచీర కట్టుకొని నీ ఎనుక నిలబడ్డ అనుకున్న. నీకు చిన్నప్పటిసంది కొంగు నిలువది గదా. జర సర్దిన. గంతే."

కీర్తన నా చెయ్యి పట్టుకుంది. మా ఆయన లేచి డిస్కు పెట్టాడు.

పెద్దమ్మ టీవీకి బాగా దగ్గరగా జరిగి చూసింది. ఆశ్చర్యపోతుందనో, దండం పెడుతుందనో అనుకున్నాను. రెండూ చేయలేదు. తనను తాను చూసి తల ఊపింది. తరువాత ఇంకోసారి పెట్టమంది. రెండోసారి ఆమె కళ్లు తన మీద లేవు, పెళ్లికూతురు మీద ఉన్నాయి. ఎంత సన్నగుంటివే అని నా చెంప నిమిరింది.

ఆ రోజు మండపంలో నా భుజం మీద ఎవరిదైనా చెయ్యి తగిలిందా అని అందరూ అడుగుతారు. తగిలిందంటే వినడానికి బాగుంటుంది. కానీ నాకు గుర్తు లేదు. పట్టుచీర బరువు, హోమం పొగ, మంటపుడుతున్న కళ్లు, అవే గుర్తున్నాయి.

కీర్తన పెళ్లికి పెద్దమ్మ మళ్లీ గదిలోనే కూర్చుంటానంది. నువ్వు వచ్చి పక్కన నిలబడేదాకా తలంబ్రాల పళ్లెం ముట్టనని కీర్తన చెప్పింది. అన్నట్టే చేసింది. అయ్యగారు రెండుసార్లు పిలిచినా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముందు వరసలో ఎవరో గొణిగారు. చివరికి పెళ్లికొడుకు నానమ్మే లేచి వెళ్లి, పెద్దమ్మను చెయ్యి పట్టి మండపం మీదికి తీసుకొచ్చింది. ఇద్దరూ చివరిదాకా పక్కపక్కనే నిలబడ్డారు. ఆ పెళ్లి వీడియోలో పెద్దమ్మ ఎన్నిచోట్ల ఉందో లెక్కే లేదు.

నా పెళ్లి టేపు మాత్రం మారలేదు. మొన్న కూడా ఆడించి చూశాను, వెనుక పూల స్తంభమే ఉంది. డిస్కులో పెద్దమ్మ ఉంది. తెలిసినవాళ్లందరినీ అడిగాను, ఎవరు చెప్పిన కారణమూ రెండో ప్రశ్నకు నిలబడలేదు. ఉండబట్టలేక ఒకరోజు పెద్దమ్మనే అడిగాను, ఇదెట్లా జరిగిందంటావని.

"నాకేం ఎరుక బిడ్డా" అంది. "నేనైతే వచ్చిననే అనుకుంటున్న, గిన్నేండ్ల సంది."