ఆగయ్య చెప్పే ఒక్క అబద్ధం

లాల్‌దర్వాజాల ఎవలు సచ్చిపోయినా ముందుగాల పిలిచేది ఆగయ్యనే. మీరాలం మండిల హమాలీ ఆయన. గల్లీ మొత్తంల సొంత సైకిలు ఉండుడే ఆయన చేసుకున్న పాపం. "ఆగన్నా, చాదర్‌ఘాట్‌ల మా చెల్లెకు కబురు జెయ్యాలె" అంటే చాలు, అన్నం ముందలకెల్లి లేచి పోయేటోడు.

పోయినంక సచ్చిన మాట మాత్రం నోట్లకెల్లి తియ్యకపోతుండె. "ఏం ఫికర్ లేదక్కా, మీ అన్నకు జర పానం బాగలేదు. ఒక్కసారి వచ్చి పొమ్మన్నరు" అనేటోడు. ఏ గడపల నిలవడ్డా గదే మాట. ఇనేటోళ్లకు తెల్వదా? మంచిగ తెలుసు. తెలిసినా, ఆ అబద్ధం పట్టుకొని ఇల్లు చేరేదాక కాళ్లు నడిచేటియి. ఆయన సుత సైకిలెక్కకుండ, నడిపిచ్చుకుంట వాళ్ల పక్కపొంటే వచ్చేటోడు. చావు కబురు చెప్పి మనిషిని ఒంటిగ ఇడిసిపెడితే పాపం తగుల్తదంటడు.

మంచిదే. కని మనుషులు మంచిని యాదుంచుకుంటరా? మొకాన్ని యాదుంచుకున్నరు. ఆయన సైకిలు గల్లీల తిరిగిందంటే ఆడోళ్లు గుండెలు పట్టుకునేటోళ్లు.

ఒక్కగానొక్క బిడ్డ లలితను సైదాబాద్‌ల ఇచ్చిండు. పెండ్లయిన నెలకు జిలేబి పొట్లం పట్టుకొని చూడబోయిండు. వియ్యపురాలు మాణిక్యమ్మ గడపల ఆయన్ను చూసుడుతోనే "అయ్యో, మా తమ్ముడు పాయెనా!" అని నెత్తి కొట్టుకున్నది. ఆ తమ్ముడు లాల్‌దర్వాజాల గుండ్రాయి లెక్క ఉన్నడు. పొట్లం సూపెట్టినా ఇనలే. ఇల్లంత లొల్లి. ఏడుపు ఆగినంక ఆమె మెల్లగ అన్నది, "ఏమనుకోకన్నా. నువ్వు మా ఇంటికి రాకు. పిల్లను బోనాలకు మేమే తోలిస్తం."

గంతే. పన్నెండేండ్లు, ఏడాదికి ఒక్కపారి బోనాలకు వస్తేనే బిడ్డ మొకం. పక్క బస్తీల బిడ్డను పెట్టుకొని గిదేం బతుకని ఆగయ్యకు లోపల మస్తు కాలేది.

అటెన్క బాలనర్సింహ పాలదుకాణంల నల్ల ఫోను వచ్చింది. సైదాబాద్ కిరాణంల ఇంకోటి. ఇగ ఎవలు పోయినా ఫోన్‌ల్నే కబురు. "మీ నాయిన పోయిండు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసుడు. ఇన్నోళ్లు దుకాణం ముందటనే కూలబడేటోళ్లు. "థూ, గట్లనా చెప్పేది!" అని ఆగయ్య తిట్టేటోడు. తిట్టినా, పానం సల్లబడ్డది. ఆయన్ను పిలిచేటోళ్లు లేరు, ఆయన మొకం చూసి భయపడేటోళ్లు సుత తగ్గిండ్రు.

ఎనభై ఐదుల బోనాలకు లలిత వచ్చి అన్నది, "బాపూ, అత్తమ్మనే నిన్ను రమ్మన్నది. వచ్చే ఐతారం రా. నా చేతి అన్నం తిని పో."

ఆగయ్య ధోతి ఉతికి ఆరేసుకున్నడు. జిలేబి ఏ దుకాణంల కొనాల్నో సుత అనుకున్నడు.

శుక్రవారం పొద్దుగాల బాలనర్సింహ కేకేసిండు, "ఆగన్నా, నీకు ఫోన్!"

పుట్టి బుద్ధెరిగినంక ఆయనకొచ్చిన మొదటి ఫోను. రెండు చేతులతోని పట్టుకున్నడు.

"మామా, నేను రామ్‌చందర్‌ను." అల్లుడు. "లలితకు... జర పానం బాగలేదు. ఏం ఫికర్ లేదు. ఒక్కసారి వచ్చి పో."

ఆగయ్య ఏం అడగలే. జ్వరమా, ఏ దవాఖాన, ఎప్పటిసంది అని ఒక్క మాట అడగలే. ఆయన ముందట గట్లనే అడగకుండ నిలవడ్డోళ్లు ఎంతమందో. అల్లునికి ఆ మాట ఎవలు నేర్పిండ్రు? బిడ్డనే చెప్పి ఉంటది, మా బాపు గిట్ల చెప్తడని. లైను కట్టయింది.

"ఏమైందన్నా?" అన్నడు బాలనర్సింహ.

"ఏం లేదు. బిడ్డకు జర పానం బాగలేదంట."

సైకిలు తీసిండు గని ఎక్క చేతగాలే. నడిపిచ్చుకుంట పోయిండు. అలవాటు కొద్ది సైకిలును ఒక దిక్కుకు జరిపి, పక్కన ఒక మనిషి నడిచే జాగ ఇడిసిండు. సైదాబాద్ దాక ఆ జాగల ఎవ్వలు నడువలే.