సిస్టరమ్మ మూత తీసిన రోజు

పోయిన శుక్రవారం పొద్దున ఆఫీసులో మీటింగులో ఉండగా పాత అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మూడో అంతస్తు సిస్టరమ్మ ప్రభువునందు నిద్రించారని. నిద్రపోవడం ఆవిడ స్వభావం కాదు. ముప్పై ఏళ్లు వార్డుల్లో డ్యూటీ చేసిన నర్సు. పక్క ఫ్లాటులో గ్లాసు పగిలితే లేచి కూర్చునేది. ఆ పక్క ఫ్లాటు మాది. గ్లాసులు పగలగొట్టేది నాతో కాపురం చేసినవాడు. అందుకే ఆవిడ గురించి రాసే హక్కు మిగతా వాళ్లకన్నా నాకు కొంచెం ఎక్కువ ఉందనుకుంటున్నాను.

ప్రగతి నగర్‌లో ఆ ఫ్లాటుకి వచ్చిన రెండో నెలలో అతను మొదటిసారి నా జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందని. తర్వాత తర్వాత కారణాలు కూడా అక్కర్లేకపోయాయి. కోకాపేటలో ఫ్లాట్లు అమ్మేవాడు. బేరం కుదరని రోజు బెల్టు. కుదిరిన రోజు ముందు మందు, ఆ తర్వాత బెల్టు. మాది కడప జిల్లా. మొగుడన్నాక ఒక దెబ్బ వేస్తాడు, సర్దుకుపో అని చెప్పి పంపిన ఇల్లు. నేను ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. పొద్దస్తమానం ఇతరుల తప్పులు పట్టుకుని రాసిపెట్టే ఉద్యోగం. మా ఇంటి తప్పు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతని చెయ్యి నా మెడ మీద ఉండగా బెల్లు మోగింది. తలుపు తీస్తే సిస్టరమ్మ. చేతిలో పళ్లెం మూతపెట్టిన స్టీలు గిన్నె, భుజాన తెల్లటి గుడ్డ.

"చేతులు వణుకుతున్నయ్ బిడ్డా. జర వచ్చి ఈ ఆకు నీళ్లు వడగట్టిపెట్టు," అంది. అతని వైపు తిరిగి, "ఐదు నిమిషాలు బాబూ. నీ భార్యను తిననులే," అంది.

ఆ ఐదు నిమిషాలు గంటన్నర అయ్యాయి. ఆ తర్వాత మా ఇంట్లో అరుపు లేచినప్పుడల్లా ఆ గిన్నె గుమ్మంలోకి వచ్చేది. ఆవిడ చేతులు వణకవని తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఒకరోజు కళ్లజోడు కూడా లేకుండా సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంటే చూశాను. అయినా పిలిచినప్పుడల్లా వెళ్లి వడగట్టాను.

ఆవిడ వంటగదిలోనే నేను ఆకుల నీళ్లు కాచడం నేర్చుకున్నాను. "ఆకును మరగబెట్టొద్దు బిడ్డా. వేర్లు, చెక్కలు మరగాలె. ఆకుకు వేడి చాలు," అనేది. నీళ్లు తెర్లాక పొయ్యి ఆపి, అప్పుడు ఆకు వేసి మూత పెట్టాలి. నాకు రక్తం తక్కువని నా కళ్లు చూసే కనిపెట్టి, నీడన ఆరబెట్టిన మునగాకు రెండు పిడికిళ్లు, లీటరు నీళ్లు, రెండు ఎండు ఉసిరి ముక్కలు వేసి నాలుగు గంటలు కదపకుండా ఉంచేది. మధ్యలో మూత తీయకూడదు. ఒకసారి నేను తీయబోతే గరిటెతో వేళ్ల మీద కొట్టింది. చిన్న దెబ్బే. నేను వెనక్కి జరిగి గోడకి అంటుకుపోయాను. ఆవిడ గరిటె కింద పెట్టేసి, "తప్పయింది," అంది. ఆ తర్వాత నా మీద చెయ్యి ఎత్తలేదు, ఒక్క రోజు తప్ప.

నాలుక మాత్రం ఎప్పుడూ ఊరుకునేది కాదు. చర్చికి వెళ్లే మీరు తులసి పెంచుతారా అని కింది ఫ్లాటావిడ అడిగితే, "దగ్గు వచ్చేటప్పుడు కులం, మతం అడిగి వస్తదా?" అంది. మా ఆఫీసు ప్యాంట్రీ నుంచి నేను తెచ్చిన డిటాక్స్ టీ పొట్లం విప్పి వాసన చూసి, "మరి మన కిడ్నీలు జీతం ఎందుకు తీసుకుంటున్నయట?" అంది. సోంపు, జీలకర్ర, కుండీలో నిమ్మగడ్డి, పుదీనా, ఇవన్నీ ఉండగా పొట్లంలో దుమ్ము కొనేవాళ్లంటే ఆవిడకి నిజంగా కోపం.

నీళ్లలో ఆకు నానుతుండగా నా దెబ్బలు చూసేది. పిల్లల స్కేలు పెట్టి కొలిచి, పొడుగు నోటుబుక్కులో తారీకు, టైము, ఏ చెయ్యి, ఎంత పొడుగు గాయం, ఏ రంగు అని రాసుకునేది. నాకు సిగ్గేసేది, విసుగొచ్చేది. ఎందుకమ్మా ఇదంతా అంటే, "రిటైరైనా చెయ్యి ఆగుత లేదు," అనేది. ఒకరోజు మాత్రం పెన్ను మూసి, "ఓపిక వేరు, భయం వేరు బిడ్డా. నీది ఓపిక కాదు," అంది. ఆ మాటకి నాకు ఆవిడ మీద వారం రోజులు కోపం. నిజం కాబట్టి.

ఒక మంగళవారం నేను ఇంటి నుంచి పని చేస్తూ కాల్‌లో ఉన్నాను. టీ అడిగాడు. ఒక్క నిమిషం అని సైగ చేశాను. లాప్‌టాప్ మూతని నా వేళ్ల మీద మూసి, పైన మోచేయి పెట్టి నొక్కాడు. రెండు వేళ్లు నల్లబడ్డాయి. మర్నాడు ఆఫీసులో కారు తలుపు పడిందని చెప్పి ఎడమ చేత్తో టైపు చేశాను. సాయంత్రం క్యాబ్ గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగింది. డివైడర్ నిండా గన్నేరు, ఎర్రగా విరగబూసి ఉంది. దిగి కోశాను. డ్రైవరు, "పూజకా మేడం?" అన్నాడు. ఔనన్నాను. పూలు వదిలేసి ఆకులు కోయడం అతను చూడలేదు.

ఇంటికొచ్చి నీళ్లు పెట్టాను. ఆవిడ నేర్పిన చేతులతోనే ఆకు వేశాను, మూత పెట్టాను. అతను ఏడింటికి వస్తాడు. చక్కెర దండిగా వేస్తే తాగేస్తాడనుకున్నాను. నా మనసులో భయం గానీ జాలి గానీ లేవు. చాలా రోజుల తర్వాత హాయిగా కూర్చున్నాను.

బెల్లు మోగింది.

"ఇయ్యాల చప్పుడు లేదేంది అని వచ్చిన," అంది సిస్టరమ్మ. నా మొహం చూసి, నన్ను తోసుకుని వంటగదిలోకి వెళ్లింది. ఎవరినీ మూత తీయనివ్వని మనిషి మూత తీసింది. స్పూనుతో ఒక ఆకు పైకెత్తి చూసింది.

"ఎవరికి?"

"ఆయప్పకి," అన్నాను, మా కడప మాటలో అతనికని.

చెంప మీద కొట్టింది. చెవిలో గుయ్యిమంది. "ముప్పై ఏండ్లు ఈ చేతులతోని ఆగిపోయే గుండెలను పట్టి గుంజిన. తాగినోళ్లను, తన్నినోళ్లను, అందరినీ గుంజిన. నీకు నేర్పింది దీనికా? వాడు చస్తే నువ్వు జైల్లో చస్తవ్. వానికోసం నువ్వెందుకు చావాలె?"

గిన్నెలోది బాత్‌రూమ్‌లో పారబోసింది. తన ఇంటి నుంచి శొంఠి దంచే ఇనుప రోకలి తెచ్చి, ఆ గిన్నెని మళ్లీ ఎవరూ వాడకుండా బాల్కనీ గచ్చు మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టింది. ఏడుస్తూ కొట్టింది. నేను కూడా ఏడ్చాను. గిన్నె పళ్లెంలా అయ్యేదాకా ఆపలేదు.

ఆ చప్పుడు మధ్యలోనే అతను వచ్చాడు. "ఏం గలాటా ఇది? నా ఇంట్లో నీకేం పని ముసిల్దానా?"

"గిన్నె ఖరాబైంది. ఈ పిల్ల ఇగ నాతోని వస్తది," అంది.

అతను ఆవిడని దాటి నా జుట్టుకోసం చెయ్యి చాచాడు. రోకలి ఆ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నాకు సంతోషమైంది, అబద్ధం చెప్పను. అతను కింద కూలబడి అరుస్తుంటే సిస్టరమ్మ రోకలి పక్కన పెట్టి, నడుముకి దోపుకుని వచ్చిన ఆ పిల్లల స్కేలు అతని చేతికి ఆనించి, భుజాన ఉన్న తెల్లగుడ్డ చింపి ఒద్దికగా కట్టు కట్టింది. "దవాఖానకు పో. ఎట్ల విరిగిందంటే నా పేరు చెప్పు," అంది. అతను చెప్పలేదు. ముసలావిడ చేతిలో దెబ్బ తిన్నానని చెప్పుకోవడం అతని వల్ల కాలేదు.

నోటుబుక్కు పట్టుకుని నాతో స్టేషన్‌కి వచ్చింది. తర్వాత కోర్టులో ప్రతి పేజీ తనే చదివింది. గన్నేరు సంగతి మాత్రం, "నేను బతికున్నన్ని రోజులు ఎవ్వరికి చెప్పకు. నేను పోయినంక నీ ఇష్టం," అంది. విడాకులు వచ్చాయి. నిజాంపేటలో నా గదికి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక సీసాలో మునగాకు నీళ్లు తెచ్చేది, నేను గ్లాసు ఖాళీ చేసేదాకా కదిలేది కాదు. నా ఒంట్లో ఇవాళ ఉన్న రక్తం ఆవిడ పోసిందే.

శనివారం సమాధుల తోటలో పాట అయ్యాక అందరూ వరసలో నిలబడి ఒక్కొక్కరూ మూడు పిడికిళ్లు మట్టి వేస్తున్నారు. నా ముందు అతను. ఇంకా ఆ అపార్ట్‌మెంట్‌లోనే ఉంటున్నాడు. మొదటి పిడికిలి వేసి, నన్ను చూసి, "నా సంసారం కూల్చింది. అయినా పోయిన మనిషి కదా అని వచ్చినా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ రోజు ఆమె చితక్కొట్టిన గిన్నెలో గన్నేరాకు ఉండె," అన్నాను. "నీకోసమే పెట్టినా. ఆమె పారబోసింది."

అతను రెండో పిడికిలి అప్పటికే ఎత్తాడు. అది వేయలేదు, దించలేదు. వెనక వరసలో ఎవరో, కొంచెం జరగండి అన్నారు. అతను జరగలేదు. వేళ్ల సందుల్లోంచి మట్టి అతని బూట్ల మీదికి కొంచెం కొంచెంగా రాలిపోతోంది.