పసుపు గడులు

ఉదయం పదకొండూ పదికి భవానీపురంలోని మా సర్వే ఆఫీసుకి రెండో టీ వచ్చింది. ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు, మొదటి ఉద్యోగం, ఎక్సెల్ షీటును గణాంకాల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం ఆఫీసులో నా ఒక్కదానికే వచ్చునన్న నమ్మకం (మిగతావాళ్లకు నేర్చుకునే ఉద్దేశం లేదని తరవాత తెలిసింది). ఇంటింటికీ తిరిగి వివరాలు తెచ్చేది భాయ్‌గారు, అరవై దాటిన మనిషి. ఎక్సెల్‌లో ఆయనే నింపేవారు. ఏ జవాబు మీద అనుమానం ఉన్నా ఆ గడికి పసుపు రంగు వేసేవారు. "పసుపు ఉందంటే మళ్లీ అడగాలని గుర్తమ్మా" అని మొదటి రోజే చెప్పారు. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

ఆ టీ తాగుతూనే మంగళగిరి నేతపనివాళ్ల ఫైలు ఎక్కించి, పట్టిక తీసి మా సారు ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ఏమ్మా, మంగళగిరిలో రోజుకి ఎన్ని గంటలు?"

"ఇరవై నాలుగేనండి."

"మరి ఈయనెవరో ముప్పై గంటలు నేశాడేంటి?"

సాఫ్ట్‌వేర్‌లోకి అంకెలు వెళ్లాయి, రంగు వెళ్లలేదు. నాకది తట్టలేదు. "భాయ్‌గారు రాసిందేనండి" అనేశాను. సారు ఆయన్ని అందరి ముందూ పిలిచారు. "టీ కొట్లో కూర్చుని నింపారా ఏంటి? ఇలాగైతే వచ్చే సర్వేకి ఇంకొకర్ని చూసుకుంటాం." భాయ్‌గారు నావైపు ఒకసారి చూశారు. "మొగుడూ పెళ్లాం ఇద్దరి గంటలూ కలిపి చెప్పారండీ. అడిగొస్తాను" అని గొడుగు తీసుకుని బస్సుకి వెళ్లారు. పసుపు మాట ఎత్తలేదు. ఆయన వెళ్లాక అసలు షీటు తెరిచాను. ముప్పై, నిండు పసుపులో ఉంది. మూసేశాను.

సాయంత్రం తెగిన చెప్పు చేత్తో పట్టుకుని వచ్చారు. "పదిహేను, పదిహేను. రాసుకో అమ్మా. ఈసారి రంగు వేయలేదులే." నవ్వారు. నేనూ నవ్వాను (అదే ఎక్కువ సిగ్గు). సారుకి నిజం చెప్పడానికి ఆ సర్వే ముగిసేదాకా మూడు వారాలు టైముంది. చెప్పలేదు. తరవాతి సర్వేకి భాయ్‌గారిని పిలవలేదు.

పోయిన నెల ఆయన పోయారని తెలిసి ఇంటికి వెళ్లాను. వాళ్లబ్బాయి కుర్చీ వేశాడు. "కంప్యూటరమ్మాయి మీరేనాండీ? చాలా తెలివైందని నాన్న చెబుతుండేవారు."

తలూపాను.

ఇప్పుడు మా ఆఫీసులో అనుమానం ఉన్న జవాబుకి పక్క గడిలో ఒకటి అని అంకె వేస్తాం. రంగు ఎవరూ వేయరు.