కుంకుమ బొట్టున్న రికార్డులు

సెంగమలం దగ్గర నలభైమూడు రికార్డులున్నాయి. అన్నీ చిన్నవి, అన్నం కంచం కన్నా చిన్నవి. ఒకప్పుడు ఫ్రాన్సు టీవీలో పిల్లల కోసం వచ్చిన బొమ్మల కార్యక్రమాల పాటలు వాటిలో ఉన్నాయి. అట్టల మీద గొడుగు పట్టిన నక్క, నిద్రపట్టని ముళ్లపంది, రైలు నడిపే ఏనుగు కనిపిస్తాయి. ఆమెకు ఫ్రెంచి రాదు. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. తమిళం కూడబలుక్కుని చదువుతుంది.

ఆమెది మురుంగపాక్కం. ఊళ్లో ఒకప్పుడు ఫ్రెంచివాళ్లుండిన వైట్ టౌన్‌లో, ఫ్రెంచి సైన్యం పెన్షను మీద బతికే ఒక కుటుంబంలో ఇరవైరెండేళ్లు ఆయాగా చేసింది. పొద్దున ఆరింటికి పోతే, ఆ ఇంటి పిల్లలు నిద్రపోయాకే తిరిగి రావడం. పిల్లల మేనమామ పారిస్ నుంచి వచ్చినప్పుడల్లా రికార్డులు తెచ్చేవాడు. పాట పెడితేనే ముద్ద దిగేది, పాట పెడితేనే కన్ను మూతపడేది. అర్థం తెలియని ఆ వరసలకు సెంగమలం తెలుగు మాటలు కట్టుకుంది. నక్క పాటకు "గొడుగెత్తుకోని యాడికి పోతావే" అని మొదలుపెట్టేది. ముగ్గురు పిల్లలు ఆ పాటల మీద పెరిగారు. ఆమె సొంత కూతురు సరణ్య అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఒకరి పిల్లలకు జోల పాడే ఆడవాళ్ల పిల్లలకు ఎవరు పాడుతున్నారని ఈ ఊళ్లో ఎవరూ అడగలేదు.

ఆ కుటుంబం ఇల్లు అమ్మి ఫ్రాన్సుకు పోతూ పదకొండు రికార్డుల్నీ, సూట్‌కేసులాంటి ప్లేయర్‌నీ చెత్తలో పడేసింది. సెంగమలం వాటిని రిక్షాలో ఇంటికి తెచ్చుకుంది. మిగతావి గాంధీ వీధి ఆదివారం బజారులో, పాత చెప్పులకూ ఇత్తడి గిన్నెలకూ మధ్య, పదిహేనేళ్ల పాటు వెతికి కొనుక్కుంది.

ఏటా ఆయుధ పూజకు చీపురు, రోలు, కత్తిపీటతో పాటు రికార్డులకూ బొట్టు పెడుతుంది. సరిగ్గా మధ్యలో, పేర్లు అచ్చేసిన గుండ్రటి కాగితం మీద.

"రికార్డుకు బొట్టేందిమా, చూసినోళ్లు నగతారు" అంది సరణ్య ఒకసారి.

"మేస్త్రీ తాపీకి పెట్టడంలా? నా పనిముట్లు ఇవే కదే."

ఈ ఏడాది అరవింద్ వచ్చాడు. బజారులో వాళ్లది బట్టల కొట్టు; ఆమె రికార్డులు ఏరుకోవడం చిన్నప్పటి నుంచీ చూసినవాడు. వైట్ టౌన్‌లో ఒక పాత ఇంటిని గెస్ట్‌హౌస్ చేశాడు. అక్కడ వైట్ టౌన్ బాల్యం గురించి ఒక ప్రదర్శన పెడుతున్నాడట.

"నెల రోజులకు ఇవ్వు ఆయమ్మా. భద్రంగా తెచ్చిస్తాను."

"కింద ఎవురి పేరు రాస్తావు తంబీ?"

"ఒక ఫ్రెంచి కుటుంబం దాచుకున్నవని రాస్తాం. చూసేవాళ్లు అదే కోరుకుంటారు."

"వాళ్లు పారేసినారు. దాచింది నేను. నా పేరు రాసి తీసుకుపో."

"చూద్దాం లే ఆయమ్మా."

చూద్దాం అంటే కాదని పనిమనుషులందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా నలుగురూ చూస్తారన్న ఆశతో ఇచ్చింది.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు అరవింద్ ఫోను చేశాడు. గోడకు తగిలించడానికి అట్టలు విడదీసి, రికార్డుల మీది ఎర్ర మరకలు తడిగుడ్డతో తుడిపించాడట. ఏళ్ల తరబడి ఇంకిన కుంకుమతో పాటు కాగితమూ, దాని మీది పేర్లూ ఊడొచ్చాయి. ఇప్పుడు ఏ రికార్డు ఏ అట్టదో తెలియడం లేదు. ఫ్రెంచి వచ్చినవాళ్లు విని చూశారు. సగం పాటల్లో నక్క ఊసూ లేదు, ఏనుగు ఊసూ లేదు. ఆమే వచ్చి పాట విని ఏది ఏ అట్టదో చెప్పాలని బతిమాలాడు.

సెంగమలం సరణ్యను వెంటబెట్టుకుని, ప్లేయర్ మోసుకుని పోయింది. బల్ల మీద రికార్డులు బోడిగా ఉన్నాయి. ఒకటి తీసి వేలితో మధ్యలో తడిమింది.

"మరక అనుకున్నావా తంబీ?"

అరవింద్ తల దించుకున్నాడు. "తప్పయిపోయింది ఆయమ్మా."

"వీటి కింద పెట్టే కార్డు నా పేరుతో రాసి తీసుకురా. ఆ తర్వాతే రికార్డు మీద ముల్లు పెడతా."

"సరే. సెంగమలం గారి సేకరణ అని రాయిస్తాను."

"ఆయా అని కూడా రాయి. లేకుంటే నన్ను దొరసాని అనుకుంటారు."

సరణ్య నవ్వాపుకోలేకపోయింది. "ఇరవైరెండేండ్లు అని కూడా వేయన్నా. దిద్దడానికి మమ్మల్ని మళ్లీ మళ్లీ పిలవొద్దు."

కార్డు వచ్చింది. సరణ్య దాన్ని తమిళంలో పైకి చదివింది. పేరు, పని, ఏళ్లు అన్నీ ఉన్నాయి. అప్పుడు సెంగమలం కూర్చుంది. ముల్లు పెట్టడం, ఒక్క చరణం వినడం, తన తెలుగు మాటలు గొణుక్కోవడం, అట్ట చూపించడం. సాయంత్రం దాకా అదే పని. ముళ్లపంది పాట దగ్గర సరణ్య అడిగింది:

"ఇది నాకు ఎప్పుడన్నా పాడినావామా?"

"లేదు. నేనొచ్చేసరికి నువ్వు పండుకోని ఉంటివి."

సరణ్య తరువాతి రికార్డు అందించింది.

ఆఖరి పాట అయ్యాక సెంగమలం సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. బోసిగా ఉన్న ఒక్కో రికార్డు మధ్యలో బొట్టు పెడుతూ పోయింది. అరవింద్ చూస్తూ నిలబడ్డాడు.

"ఈసారి ఎవరినీ తుడవనివ్వను ఆయమ్మా."

"తుడిస్తే మళ్లా పెడతా. కార్డు మాత్రం తియ్యొద్దు."