పెండ్లి చేసినవాని గడప

పలికిన మాటను పలికినవాని మీదనే నిలిపి ఉంచే వాగ్దేవతకు మ్రొక్కి, మాఘ బహుళ పంచమి సాయంకాలం, పటేల్‌గూడలోని మా ఇంటి వసారాలో కూర్చొని ఈ నాలుగు మాటలు వ్రాయ మొదలుపెట్టాను. పక్కింటి ప్రహరీ మీదుగా మామిడి పూత వాసన వస్తున్నది. గాలి పటాన్‌చెరు దిక్కు నుంచి మళ్లగానే మందుల ఫ్యాక్టరీల పుల్లని ఘాటు దానిలో కలిసిపోతున్నది. ఆ రెండూ కలవని క్షణం ఒక్కటి చిక్కితే చాలు, బొంతపల్లికి అవతల ఉన్న మా ఊరు, అక్కడి మాఘమాసం, మా చిన్నాయన పెండ్లి నా కళ్ల ముందుకు వచ్చి నిలుస్తాయి.

మాఘమంటే మాకు జొన్నకంకి గింజ గట్టిపడే కాలం. తెల్లవారక ముందే మంచె మీదికెక్కి పిట్టలను తోలడం, శెనగ చెట్లను వేళ్లతో సహా పెరికి కంపమంటలో కాల్చి, నల్లబడిన కాయలను అరచేతుల నడుమ నలిపి ఊదుకొని తినడం, పెదవులకంటిన మసితోనే బడికి పోయి పంతులుగారి చేత తిట్లు తినడం, సాయంత్రం చిర్రగోనె, అనగా బిళ్లంగోడు, ఆడుతూ చిర్ర ఎగిరి ఎవరి గడ్డివాములోనో పడితే వెదకబోయి, ఆ గడ్డి వెచ్చదనంలోనే కళ్లు మూతపడడం మా దినచర్య. మా నాయనమ్మ పగలంతా పెద్దర్వాజ పక్కన కూర్చొని పొగాకు నలుపుతూ, దారిన పోయేవారినందరినీ పిలిచి యోగక్షేమాలడిగి, వాళ్లు మలుపు తిరగగానే వాళ్ల లోపాలన్నీ మాకు వివరించేది.

ఆమె చిన్న కొడుకు అంజయ్య, అనగా మా చిన్నాయన, పొరుగూరి కుమ్మరుల పిల్ల లచ్చవ్వను చేసుకుంటానన్నాడు. మాది వ్యవసాయ కుటుంబం. కులం కలవలేదు. పురోహితుడు మర్యాదగానే తప్పుకున్నాడు. అప్పుడు వాగు అవతలి నుంచి కిష్టయ్య పటేలును పిలిపించారు. ఆయన వయసులో ఉండగా ఎర్రజెండా సంఘం పని మీద ఊరూరా తిరిగినవాడు. మంత్రాలు లేని దండల పెండ్లి జరిపించాలంటే మా చుట్టుపక్కల ఆయన పేరే చెప్పేవారు. తలకు ఎర్ర రుమాలు, చంకలో కర్ర, గొంతు మాత్రం రెండు చేల అవతల పనిచేసేవారికి కూడ వినిపించేది.

బంతిపూల దండలు పట్టుకొని ఇద్దరూ వాకిట్లో నిలబడ్డారు. "ఏం బిడ్డా, వీన్ని చేసుకునుడు నీకిష్టమేనా?" అని పటేలు అడిగాడు. పెండ్లికూతురు తల వంచుకొని ఏదో గొణిగింది.

"గోడకు జెప్తున్నవా? ఎన్కున్న ముసలోళ్లకు ఇనబడాలె!"

ఆమెకు రోషం వచ్చి "ఇష్టమే!" అని అరిచిన అరుపుకు కొట్టంలోని ఎడ్లు బెదిరి తాళ్లు గుంజాయి. "ఇగ నీ పని అయిపోయిందిర అంజిగా, చెప్పినట్టు ఇనుడే!" అన్నాడు పటేలు. వాకిలంతా నవ్వింది. ఈ పెండ్లి తనకు సమ్మతం కాదని తెలుపుతూ వీపు తిప్పి కూర్చున్న నాయనమ్మ మాత్రం, "ఏమన్నదిరా? పిల్ల ఏమన్నది?" అని నన్ను మోచేతితో పొడుస్తూనే ఉంది. తరువాత మోదుగాకు విస్తళ్లలో వేడివేడి భక్ష్యాలు, వాటి మీద పేరిన నెయ్యి, బెల్లం వేసి పులుసు పెట్టిన గుమ్మడికాయ ముక్కలు, మీగడ కట్టిన పెరుగు వడ్డించారు. ఆ నెయ్యి మోచేతి దాక కారిన సంగతి నేటికీ నా చేతికి గుర్తున్నది.

పంక్తి లేచే ముందు పటేలు మళ్లీ నిలబడ్డాడు. "పెండ్లి నేను జేసిన. ఇగ వీళ్లకు తగువొస్తే ముందుగాల నా గడప తొక్కాలె. అమ్మగారింటికి ఉరుకుడు లేదు, అత్తగారి మీదికి పోవుడు లేదు." ఇది ఆయన సొంతంగా కల్పించుకున్న మాట కాదు, ఆనాటి కట్టుబాటు. దండల పెండ్లి చేసినవాడు ఆ జంట బ్రదికినంత కాలం వాళ్ల తగువుకు జవాబుదారు. మంత్రమూ అగ్నీ లేని చోట ఆ మనిషే సాక్షి, ఆ మనిషే పూచీ.

ఏడాది తిరుగకుండానే ఆ పూచీకి పని పడింది. పటాన్‌చెరు దారిలో కొత్తగా లేచిన ఒక కర్మాగారంలో చిన్నాయనకు కొలువు దొరికింది. చిన్నమ్మ వేకువనే లేచి జొన్నరొట్టెలు కాల్చి, పుంటికూర, అనగా గోంగూర, తొక్కు పెట్టి సద్దిగిన్నె కట్టి ఇచ్చేది. ఆ గిన్నె కట్టినది కట్టినట్టే మధ్యాహ్నం అతనితోనే ఇంటికి తిరిగి వచ్చేది. కొన్నాళ్లు ఓర్చుకొని, ఒకనాడు ఆ నిండు గిన్నెను చంకకెత్తుకొని ఆమె నేరుగా వాగు దాటింది. పొద్దు వాలే వేళకు ముందు పటేలు, వెనుక చిన్నమ్మ మా వాకిట్లోకి వచ్చారు. నాయనమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లను ఆయన తాకకుండా పక్కన పెట్టాడు.

"నీ పెండ్లాం నా గడప తొక్కిందంటే నా మూతి మీద కొట్టినట్టేరా! రొట్టె ఎందుకు తింటలేవు?"

"ఆడ అందరు బువ్వ తింటరు పటేలా. రొట్టె జూసి నవ్వుతరు," అన్నాడు చిన్నాయన నేల చూస్తూ.

"నవ్వెటోన్ని నాకు జూపెట్టు, పండ్లు రాలగొడ్త. ముందుగాల నువ్వు కూసో."

పొద్దుటి రొట్టె బిరుసెక్కి అట్టలా ఉంది. పటేలూ చిన్నాయనా ఒకే గిన్నెలో చేతులు పెట్టి దానిని తుంచుకొని తిన్నారు. "తొక్కుల జెర ఉప్పెక్కువైంది బిడ్డా," అన్నాడు పటేలు నములుతూ. "తినేటోడుంటె ఉప్పు నేను సరిజేస్త," అన్నది చిన్నమ్మ. అప్పుడు ఆయన చెంబెత్తి నీళ్లు తాగాడు. మరునాటి నుంచి గిన్నె ఖాళీగా తిరిగి వచ్చింది.

ఈ ముచ్చటంతా ఇప్పుడు తలపునకు రావడానికి కారణం నా చెల్లెలి మనవరాలు శ్రావణి. ఆమె, సంగారెడ్డిలోని ఒక క్రైస్తవ ఉపాధ్యాయ కుటుంబానికి చెందిన జోయెల్ అనే కుర్రవాడు ఒకే మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తారు. పంతులూ వద్దు, పాస్టరూ వద్దు, మనిషే మా పెండ్లి చేయాలి అని ఇద్దరూ అనుకున్నారు. జోయెల్ తల్లి సరే అన్నది. శ్రావణి తండ్రి వెంకటేశం, అనగా నా మేనల్లుడు, ఒక్క మాట మీద నిలిచాడు. "దేవుడు లేకుంటె మానె మామా. రేపు నా బిడ్డ ఏడ్సుకుంట బయటికొస్తె ఎవరి తలుపు కొట్టాలె? గా మనిషిని సూపెట్టు, నేనే ముందుగాల వచ్చి కూసుంట. లేకుంటె నేను రాను." తండ్రి రాని పెండ్లి శ్రావణికి వద్దు. ఆ మనిషిని వెదకే పని నా మీద పడింది.

రిజిస్ట్రారు కార్యాలయంలో సంతకాలు దొరుకుతాయి, మనిషి దొరకడు. ఒకప్పుడు దండల పెండ్లిళ్లెన్నో జరిపిన కార్మిక నాయకుడొకాయన సంతోషంగా ఒప్పుకొని, తన ఉపన్యాసం కొంత అక్కడికక్కడే వినిపించాడు కూడ. తరువాత వీళ్ల మంచిచెడ్డలు చూస్తారా అంటే, "ఉగాది దాటితే నేను పుణేలో కూతురి దగ్గరుంట సార్, ఫోన్ల మాట్లాడొచ్చు," అన్నాడు. డబ్బు తీసుకొని పెండ్లిళ్లు జరిపించే యువకుడొకడు నగరం నుంచి వచ్చి, వీళ్ల ప్రేమకథ అడిగి వ్రాసుకొని, దండలు మార్చుకునేటప్పుడు వేదిక మీద పొగ మిషన్ పెట్టమంటారా అని అడిగాడు. "పటాన్‌చెరులో పొగకు కరువు లేదు నాయనా," అన్నాను. శ్రావణి చాలా సేపు నవ్వింది. నవ్వు ఆగిన తరువాత, "తాతా, నువ్వే చెయ్యరాదు?" అన్నది.

నేను తెలుగు పండితునిగా జీవితమంతా ఆశీర్వచనాలు వల్లించినవాణ్ణి. దేవతల పేరు రాని మంగళవాక్యం ఒకటి కూర్చబోతే, నాకు వచ్చిన ప్రతి పద్యంలోను ఎవరో ఒక దేవుడు కొలువుండనే ఉన్నాడు. చివరకు పద్యాలు మాని పటేలు అడిగిన ప్రశ్ననే తీసుకున్నాను. వెంకటేశం మాత్రం మెల్లగా అన్నాడు: "నువ్వు జేస్తె మంచిదే మామా. కాని నువ్వెన్నాళ్లుంటవ్?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. శ్రావణి కళ్లు నిండడం చూచి అతడే తగ్గాడు. "సరే తియ్. నూరేండ్లుండు మల్ల!"

మొన్న మాఘ శుద్ధ దశమి నాడు కొల్లూరులో ఒక చిన్న హాలులో దండలు మార్పించాను. వెంకటేశం అన్న మాట ప్రకారం అందరికంటె ముందు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. జోయెల్ తల్లి అతని పక్కనే కూర్చున్నది. "తగువొస్తే ముందుగా నా గడపకు రండి," అని నేను ఆ ఇద్దరికీ చెప్పాను. నా గొంతు ఆఖరి వరుస దాక పోయిందో లేదో తెలియదు. అక్కడున్నవారు చాలామంది ఫోన్లు ఎత్తి పట్టుకొని ఉన్నారు.

కిష్టయ్య పటేలు ఊరు ఇప్పుడు ఫ్యాక్టరీల గోడల నడుమ ఉంది. వాగులో నీళ్లు లేవు, ఉన్నచోట వాటి రంగు నీళ్ల రంగు కాదు. జొన్నచేలు ప్లాట్లయినాయి. చిన్నాయన లేడు, చిన్నమ్మ లేదు. వీటన్నింటికీ వగచాను, ఓర్చుకున్నాను. కాని ఒకరి కాపురం తగువును తన మూతి మీద దెబ్బగా ఎంచుకొని, పొద్దు వాలుతున్నా వాగు దాటి వచ్చే మనిషి లేకపోవడం నాకు మింగుడు పడడం లేదు. నేను ఆయన మాటను అప్పు తెచ్చుకోగలిగాను. ఆయన కాళ్లను తెచ్చుకోలేకపోయాను.

ఇంతవరకు మాఘంలోనే వ్రాసి పెట్టాను. తరువాత జరిగినది ఇది.

వైశాఖ శుద్ధ సప్తమి మధ్యాహ్నం, జోయెల్‌తో మాటా మాటా పెరిగి శ్రావణి నా ఇంటికి వచ్చింది. ఆ వేళ నేను ఆయాసంతో సంగారెడ్డి ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికి తాళం వేసి ఉన్నది. ఆమె కొంతసేపు మెట్ల మీద కూర్చొని, తండ్రి ఇంటికి పోకుండా అమీన్‌పూర్‌లో ఒక ఆడపిల్లల హాస్టలుకు వెళ్లిపోయింది. మరునాడు జోయెల్ వెళ్లి తీసుకొనివచ్చాడు. ఆమె వచ్చి వెళ్లినట్లు పక్కింటివారు నాకు తరువాత చెప్పారు.