ప్లీడరుగారి ముందుగదిలో

నా చిన్నప్పుడు మేం అమెరికాలో, మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండేవాళ్లం. మా బళ్లో ఏటా మైనపు బొమ్మల వేడుక ఒకటి జరిగేది. పిల్లలం పాతకాలపు పెద్దమనుషుల వేషాలు వేసుకుని కదలకుండా నిలబడాలి. చూడవచ్చినవాళ్లు మా చేతికి అంటించిన కాగితపు మీట నొక్కితే, ఆ పెద్దమనిషి జీవితాన్ని 'నేను' అంటూ చెప్పాలి. నా వంతుకు, వందేళ్లకు పైగా వెనక అక్కడ ప్లీడరీ చేసి రాజకీయాల్లోకి వెళ్లిన ఒకాయన వేషం వచ్చింది. క్లాసు మొత్తానికి నేనొక్కదాన్నే తెలుగు పిల్లని. ఆ వేషం బాగా వేస్తే ఇక నన్ను పరాయిదానిలా చూడరని నా ఆశ.

ఆయన ఇంటిని మ్యూజియం చేశారు. నెల్లూరులో ప్లీడరుగా చేసి, మమ్మల్ని చూడటానికి వచ్చిన మా తాతయ్య ఒక చలికాలపు సాయంత్రం నన్నక్కడికి తీసుకెళ్లాడు. అలవాటుకొద్దీ గుమ్మం దగ్గరే బూట్లు విప్పేశాడు. ఇల్లు చూపించే ఆవిడ నవ్వి ఊరుకుంది. పారిపోయి వచ్చిన ఒక నల్లజాతి బానిసను ఆయన కోర్టులో వాదించి విడిపించాడని చెప్పింది. తరవాత పదవి కోసం, అలాంటివాళ్లను పట్టి అప్పగించే చట్టానికి అనుకూలంగా చెయ్యెత్తాడట. ఆ చట్టంవల్లే, తాను విడిపించిన మనిషి మళ్లీ దొరికిపోయాడట. నేను బట్టీ పట్టింది మొదటి సగమే.

ఆవిడ దీపాలు ఆర్పడానికి మేడ మీదికి వెళ్లింది. ముందుగదిలో ఆయన పటం ముందు ఒక్కదాన్నే నిలబడి పాఠం అప్పజెప్పుకుంటున్నాను. చీకట్లో పటంలోని కళ్లే కనపడుతున్నాయి. "నేనొక బానిసను విడిపించాను" అన్నాను.

"మరి మళ్లీ ఎందుకు పట్టించారు నన్ను, ప్లీడరుగారూ?"

నా మెడ వెనకే ఆ గొంతు. అడుగుల చప్పుడే లేదు. వెనక్కి తిరిగే ధైర్యం లేక కొయ్యబారిపోయాను. "నాకు పదవి కావాలి" అని నా నోరు దానంతటదే జవాబు చెప్పింది. ఆ మాట నాదో, పటంలో ఉన్నాయనదో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరిగి చూస్తే మేజోళ్లతో తాతయ్య. ఏడుపొచ్చేసింది.

"అది చెప్తే అందరూ మ్యాడ్ అవుతారు తాతయ్యా" అన్నాను.

"కోప్పడతారేమోనమ్మా. నువ్వు ఆయన తరఫున మాట్లాడుతున్నావు. ఆ మనిషి తరఫున ఎవరో ఒకరు అడగాలి కదా. చెప్పడం, మానడం నీ ఇష్టం."

మర్నాడు బళ్లో వేడుకలో ఎవరు మీట నొక్కినా చివరిదాకా చెప్పాను. చప్పట్లు కొట్టబోయినవాళ్ల చేతులు ఆగిపోయాయి. కొందరు నన్ను అదోలా చూసి పక్క బొమ్మ దగ్గరికి జరిగారు.

ఇప్పుడు నాకు ఆనాటి తాతయ్య వయసు. మనవాళ్ల సభల్లో ఎవరో ఒక పెద్దమనిషిని పొగడమని మైకిస్తారు. ఆయనవల్ల చెడినవాళ్లు అదే హాల్లో ఎక్కడో నిలబడి వింటున్నారనిపిస్తుంది. వాళ్ల సంగతీ చెప్పేస్తాను. నాకు మైకిచ్చేవాళ్లు బాగా తగ్గిపోయారు.