రానీ... రానీ

ఇస్త్రీ కొట్టు ఆవిడకు కోపం వస్తే మాటలు తగ్గుతాయి, పెట్టె బరువు పెరుగుతుంది. ఆ ఉదయం ఆమె చొక్కాలను రుద్దలేదు, మోదింది.

కొట్టు వెనక గదిలోనే కాపురం. గది వెనక ఉప్పు బురద. పోటుకు వచ్చిన సముద్రం ఆ బురద మీదే పరుచుకుని వెనక్కి పోతుంది. నీళ్లు తగ్గాక బొరియల్లోంచి పీతలు లేస్తాయి. బొటనవేలి గోరంత ఒళ్లు. మగదానికి మాత్రం ఒక డెక్క ఒంటికి మించి ఉంటుంది. బొరియ వాకిట్లో దాన్ని ఎత్తి దించుతూ ఆడదాన్ని పిలుస్తుంది. మేత తినడానికి ఆ పెద్ద డెక్క పనికిరాదు; రెండో డెక్కతోనే బురద నోట్లో పెట్టుకుని, సారం పీల్చి, మిగిలింది ఉండలుగా పడేస్తుంది. ఆడదానికి రెండూ చిన్నవే, రెండు చేతులా తింటుంది. పెట్టెలో బొగ్గులు రాజుకునేదాకా ఆమె ఆ మగ పీతల్ని చూస్తూ, అచ్చం మా ఆయనే అనుకునేది.

ఆయన పార్కింగు కాపలాదారు. పొద్దస్తమానం కుడిచెయ్యి ఊపుతూ "రానీ, రానీ" అంటాడు. నిద్రలోనూ ఊపుతాడని చెప్పి ఆమె పుట్టింటివాళ్లను నవ్వించేది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. కంట్రాక్టరెవరో బురద పూడ్చడానికి లారీల్లో రాళ్లు పంపుతున్నాడు. పూడిస్తే పోటు నీళ్లకు మిగిలేది వీళ్ల గదే. నిన్న లారీని ఆపి రమ్మని ఆయన్ని పంపింది. ఆయన నోరు "ఆపు" అనే అంది. చెయ్యి అలవాటు కొద్దీ రమ్మంది. డ్రైవరు అద్దంలో చేతినే చూశాడు. లోడంతా బొరియల మీద పడింది. దారి బాగా చూపించావని డ్రైవరు మెచ్చుకుని మరీ వెళ్లాడు.

"నా తప్పేముందే? ఆపమనేగా అన్నా," అన్నాడాయన, చెయ్యి ఊపుతూనే.

"ముందు ఆ చెయ్యి దించు."

లారీ చప్పుడైంది. ఆమె ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కెళ్లి బురద అంచున నిలబెట్టింది. రెండు చేతులూ జేబుల్లో పెట్టించింది. బయటికొస్తే ఇస్త్రీ చేస్తానంది. పొగలు కక్కే పెట్టెతో పక్కనే నిలబడింది.

లారీ వెనక్కి వచ్చి, జానెడు దూరంలో ఆగింది.

"ఏం మామా, ఇవాళ దారి చూపించవా?"

ఆయన జేబు ఎగిరెగిరి పడింది. చెయ్యి బయటికి రాలేదు. డ్రైవరు హారను మోగించి, బతిమాలి, తిట్టి, చివరికి లోడుతో సహా వెళ్లిపోయాడు.

"రేపూ వస్తాడు. రేపూ ఇలాగే నిలబడు," అందామె.

రాళ్ల అంచున ఒక పీత మట్టి తోసుకుని బయటికొచ్చి, పెద్ద డెక్క ఎత్తింది. ఆమెకు ఒళ్లు మండింది.

"నువ్వూ దించు," అంది.